మంచం కింది బ్యాటరీ

...ప్రాణం తన మంచం కింద ఉంటే బండినెవడు ఎత్తుకుపోతాడు, అనుకున్నాడు టాక్సీ డ్రైవరు. వీధిలో రెండు కార్లు పోయినప్పటి నుంచి రోజూ రాత్రి బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి మోసుకొస్తున్నాడు.

"నన్నెప్పుడైనా అలా ఎత్తుకున్నావా?" అని భార్య దెప్పింది.

అంతలో కింద వీధిలో హారన్ మోగింది. తన కారుదే. కిటికీలోంచి చూస్తే హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. వీధిలో ఒక్క కుక్కా మొరగలేదు. మంచం కింద తడిమితే బ్యాటరీ చల్లగా తగిలింది.

"వెళ్లకయ్యా," అంది భార్య.

"అది పోతే రేపు ఏం తింటాం?"

కిందికి దిగి చూస్తే కారులో ఎవరూ లేరు. అతను దగ్గరికి రాగానే తెరిచి ఉన్న వెనక తలుపు మెల్లగా మూసుకుంది. భయమేసింది. కోపమూ వచ్చింది.

"ఎవరైనా సరే, ఎక్కడికంటే అక్కడ దింపుతా. స్టీరింగ్ మాత్రం నాది," అంటూ ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.