ఇరవై వాట్ల సలహా

2001 డిసెంబరులో ఒక గురువారం, ఉదయం పదిన్నరకు, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మార్కండేయ ఇంట్లో ఆంప్లిఫయర్ కాలిపోయింది. గోడ అవతల, పక్కింట్లో, మంచం మీద తుకారాం లేచి కూర్చున్నాడు. చప్పుడు ఆగిందని నమ్మకం కుదిరాక మళ్లీ పడుకుని, సాయంత్రం దాకా నిద్రపోయాడు.

నెల రోజుల్లో అతను అట్లా నిద్రపోవడం అదే మొదటిసారి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో మోటార్లు చూసే పని అతనిది, రాత్రి షిఫ్టు. ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. మార్కండేయ తమ్ముడు దుబాయి నుంచి ఐదు స్పీకర్లు, నేలను అదరగొట్టే ఒక వూఫర్ తెచ్చిన నాటి నుంచి ఆ గదిలో పగటినిద్ర లేదు. మొన్న తుకారాం డ్యూటీలో మోటారు దగ్గర కునుకు తీస్తూ దొరికాడు. ఇంకోసారి దొరికితే ఇంటికి పంపిస్తానని ఫోర్‌మన్ చెప్పాడు.

సాయంత్రం మార్కండేయ తలుపు కొట్టాడు.

"తుకారామన్నా, కరెంటు పని తెల్సినోనివి. కొత్త ఆంప్లి కొనాలె, జర నా వెంబడి రా. ఆదివారం నందిపేట్ నుంచి మా బామ్మర్ది ఇంటిల్లిపాదిని తోల్కొని వస్తుండు. సౌండు లేకుంటే నా ఇజ్జత్ పోతది."

తుకారాం అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. "నడువు. నేనుండంగ నీకేం ఫికర్?"

బస్టాండు దగ్గరి దుకాణం యజమాని సిరాజ్ వాళ్లు తెచ్చిన స్పీకరును, కాలిన ఆంప్లిని తిప్పి వెనక అంటించిన చీటీలు చదివాడు.

"ఇవి నాలుగు ఓమ్స్ స్పీకర్లు, కరెంటు ఎక్కువ గుంజుతయి. మీ పాత ఆంప్లి ఎనిమిది ఓమ్స్‌ది. కాలదా మరి?"

పెద్ద ఆంప్లిఫయర్ ఒకటి బల్ల మీద పెట్టి వైర్లు కలిపాడు. "ఒక్కో స్పీకరుకు వంద వాట్లు. వీటికి జోడీ అంటే ఇదే అన్నా."

స్విచ్చి వేశాడు. షోకేసు అద్దాలు అదిరాయి. రోడ్డు మీద ఆటో అతను బండి ఆపి లోపలికి చూశాడు. మార్కండేయ నవ్వాడు. తుకారాం డిసెంబరు చలిలో మొహం తుడుచుకున్నాడు.

"గిది వద్దు," అన్నాడు. "గా కిందున్నది తియ్యి."

"అది ఇరవై వాట్లది అన్నా. దానికి ఈ స్పీకర్లు కదలవు."

"కదలకుంటెనే మంచిది. కదిలినకొద్ది అరుగుతయి. బోధన్ల నేను సూసే మోటార్లు నీ దుకాణమంత ఉన్నయి. లోడు తక్కువ పెడ్తెనే బతుకుతయి."

"స్పీకరు మోటారా అన్నా?"

"కరెంటు ఒక్కటే గద. మోటారుకు పోతే ఒక తీరు, స్పీకరుకు పోతే ఒక తీరు ఉంటదా?"

సిరాజ్ అతన్ని వదిలి మార్కండేయ వైపు తిరిగాడు. "దేఖో అన్నా, ఇది కూడా నాలుగు ఓమ్స్‌కు ఆగుతది, ఝూట్ చెప్పను. కాని పదికి పది గదికే సరిపోతది. మీ హాలు ఎంత?"

"మా బీడీ యాపారం గంపలు దింపేటందుకు కట్టించిన. ముప్పైకి ఇరవై ఉంటది."

"సరిపోదు. ఫుల్ పెడితే సౌండు చినుగుతది."

"ఫుల్ ఎందుకు పెడ్తడు?" అన్నాడు తుకారాం. "మార్కండేయా, పాతది పెద్ద సౌండుకే గద పోయింది? మల్ల గదే చేస్తవా? బామ్మర్ది ముందట పొగ లేస్తే నీ ఇజ్జత్ ఏడుంటది?"

మార్కండేయ పెద్దదాన్ని చూశాడు. పొగ గురించి ఆలోచించాడు. చిన్నదాన్ని చూశాడు.

"మా తుకారామన్న చెప్పిండంటే చెప్పిండే. చిన్నదే కట్టు భాయ్."

"రేపు సౌండు సరిపోకపోతే?"

"మాకు సరిపోతది," అన్నాడు తుకారాం.

సిరాజ్ డబ్బాకు తాడు కట్టాడు. "సరిపోకపోతే గది మార్చుకోండ్రి. ఆంప్లి మాత్రం వాపస్ తీస్కోను."

శుక్రవారం తుకారాం సాయంత్రం దాకా నిద్రపోయాడు. శనివారం కూడా. ఆ రాత్రి షిఫ్టులో ఫోర్‌మన్ రెండుసార్లు వచ్చి చూశాడు. రెండుసార్లూ తుకారాం మోటారు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆదివారం పొద్దున బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి గడప ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. కాళ్లతో జరుపుకుంటూ లోపలికి వెళ్లాడు. ట్రంకుపెట్టె మీద మార్కండేయ టీవీ ఉంది. గోడలకు ఐదు స్పీకర్లు ఉన్నాయి. చాప మీద నందిపేట్ చుట్టాలు తొమ్మిదిమంది ఉన్నారు.

"రా అన్నా, నీ కోసమే సిన్మా ఆపినం!" మార్కండేయ లేచి చేయి పట్టుకున్నాడు. "మా హాలుల పెడ్తే మూల్గినట్టు ఇనొస్తుంది. నిన్న రాత్రి సిరాజ్ భాయ్‌ని పిలుసుకొచ్చిన. టేపు పట్టి మీ గది కొలిసిండు. సరిగ్గ పదికి పది! నువ్వు చెప్పిందే నిజమైంది. ఇక్కడైతే గోడలు అదురుతున్నయి."

తుకారాం భార్య సుమిత్రమ్మ వంటింట్లోంచి చాయ్ పళ్లెంతో వచ్చింది. "మార్కండేయన్న నోరు తెర్సి అడిగితే ఎట్ల కాదంట? సుట్టాలు ఎనిమిది రోజులే ఉంటరట."

"మరి నేనేడ పండాలె?"

"నీ మంచం జరపలే అన్నా," అన్నాడు మార్కండేయ. "రాత్రంత డ్యూటీ చేసొచ్చినవ్. నువ్వు హాయిగ పండుకో. మేం కిందనే కూసుంటం."

తుకారాం మంచం చూశాడు. అది ఉన్నచోటే ఉంది. దుప్పటి కూడా మార్చి ఉంది.

వూఫర్‌కు గదిలో వేరే చోటు దొరకలేదు. దాన్ని మంచం కింద పెట్టారు.