ఒక్క కుర్చీ

మా ఆయన పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీని మా తమ్ముడు పనిచేసే కంపెనీ కలిపేసుకుంది. ఇద్దరిదీ ఒకటే పని. ఇక ఒక్క కుర్చీయే ఉంటుందట. ఎవరిని ఉంచాలో తేల్చడానికి ఆ రోజు ఇద్దరినీ విడివిడిగా పిలిచారు.

తమ్ముడు మాతోనే ఉంటాడు. పొద్దున మా ఆయన షూ వేసుకుంటుంటే వాణ్ణి వంటింట్లోకి లాగాను.

"నీకేమన్నా పెళ్లా, పిల్లలా? నీకన్నా మీ బావే నయమని చెప్పి రారా."

వాడు లంచ్ డబ్బా అందుకుని బయటికి నడిచాడు.

రోజంతా ఫోను పట్టుకుని కాలు కాలిన పిల్లిలా తిరిగాను. సాయంత్రం ఇద్దరూ కలిసే వచ్చారు. చేతుల్లో చెరో అట్టపెట్టె.

"ఇద్దరినీ తీసేశారా?"

మా ఆయన సోఫాలో కూలబడి పగలబడి నవ్వారు. "చిన్నవాడు కదా అని, నాకన్నా వీడే నయమన్నాను. వీడేమో తనకన్నా నేనే నయమన్నాడట. మా ఇద్దరి మాటా నమ్మేసి, ఇంకెవణ్ణో కూర్చోబెట్టారు!"

ఉన్నట్టుండి నవ్వు ఆపి తమ్ముడి వైపు తిరిగారు. "అలా చెప్పమని నీకెవరు చెప్పార్రా?"

నేను టీపాయ్ మీది పేపర్లు సర్దడం మొదలుపెట్టాను.

తమ్ముడు నా వైపు చూడకుండా పెట్టె కింద పెట్టాడు.

"ఒకళ్లు చెప్పాలా బావా? నాకే అనిపించింది."