నలభై నిమిషాలు

అమ్మ పోయిన సాయంత్రం, ఆస్పత్రి మంచానికి వేలాడుతున్న అట్టను వాచీ మెకానిక్ చేతిలోకి తీసుకున్నాడు.

ఏడుపు ఇంకా రాలేదు. కళ్లు మాత్రం అలవాటు కొద్దీ అంకెలు వెతుక్కున్నాయి.

నొప్పి తగ్గే ఇంజెక్షన్. వేయవలసిన వేళ నాలుగు. వేసిన వేళ నాలుగూ నలభై. పక్కన సంతకం.

"నలభై నిమిషాలా?" అన్నాడు.

ఆ సంతకం రాతల సిస్టర్‌ది. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి రాస్తూ ఉంటుందని వార్డు వాళ్లు పెట్టిన పేరది. ఆ ఉదయమే అమ్మ కూడా నవ్వింది.

"నేను దగ్గితే రాస్తుందిరా. తుమ్మితే రెండుసార్లు రాస్తుంది."

"ఆ రాసే టైములో నిన్ను చూసుకోవచ్చుగా!"

"చూస్తేనే కదరా రాసేది. ఇంతకీ మళ్లీ ఎప్పుడొస్తావు?"

"నాలుగింటికల్లా నీ ముందుంటా."

"ఊరందరి టైమూ సరిచేస్తావు. నీ టైము సరిచేసేవాడే లేడు."

అమ్మ అతడితో అన్న ఆఖరి మాట అదే. కొట్లో ఎవరిదో గోడ గడియారం ఒక పట్టాన కుదరలేదు. అతడు వచ్చేసరికి ఐదు దాటింది. అమ్మ మందు మత్తులో ఉంది. ఆరింటికి ఆ మత్తులోనే పోయింది.

వారం తిరగకముందే ఫిర్యాదు రాశాడు. కన్నతల్లిని నలభై నిమిషాలు నొప్పికి వదిలేసిన సిస్టర్‌ను ఉద్యోగంలోంచి తీసేయాలన్నాడు.

పెద్ద సిస్టర్ ఇద్దరినీ తన గదిలోకి పిలిచింది.

"ఏమ్మా, గోడ మీద గడియారం ఉంది కదా. చూడటం రాదా? మా కొట్టుకి రా, నేర్పిస్తా," అన్నాడతడు.

రాతల సిస్టర్ తల వంచుకుంది.

"చూశానండీ. చూసిన టైమే రాశాను."

"మరి ఎందుకు ఆలస్యమైంది?"

"కారణం కూడా రాశానండీ. మీకు చెప్పలేను."

"చెప్పలేవా? చెప్పడానికి ఏమీ లేదా?"

పెద్ద సిస్టర్ అందుకుంది.

"నేను చదివాను బాబూ. డాక్టరుగారూ చదివారు. ఈ అమ్మాయి తప్పేం లేదు. బయటపెట్టొద్దని మీ అమ్మగారే కోరారు. మేం చెప్పకూడదు."

"బాగుందండీ! పోయినవాళ్ల మీదికి తోసేస్తే కాదనేవాళ్లుండరు. మీరంతా ఒక తానులో ముక్కలే."

తప్పు లేదని ఆస్పత్రి తేల్చింది. అతడి మనసు ఒప్పుకోలేదు. ఫిర్యాదు నకలు కొట్టు అద్దానికి అంటించాడు. వాచీలో సెల్లు మార్పించుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా కథంతా మొదటినుంచి చెప్పాడు. వాళ్లలో కొందరు ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆమెను వేలెత్తి చూపారు. "నలభై నిమిషాల సిస్టర్ ఈవిడే." ఒక ముసలాయనైతే ఆమె చేత సూది వేయించుకోనని మొండికేశాడు.

మూడో నెలలో ఆమె ఉద్యోగం మానేసింది.

"చూశావా అమ్మా," అనుకున్నాడు మెకానిక్, పైకే.

కానీ ఆ కారణమేమిటో తెలియలేదు. అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. కాగితాలన్నీ చూసే హక్కు కొడుకుగా తనకుందని పై అధికారులకు రాశాడు. ఆఫీసుల చుట్టూ ఏడాది తిరిగాడు. గెలిచాడు.

కట్ట అందిస్తూ పెద్ద సిస్టర్ ఒక్క మాట అంది.

"చదవకపోతేనే మంచిది బాబూ."

"ఎవరికి? మీకా, నాకా?"



కొట్టుకు వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు అట్ట మీద చూసినవి అంకెలే. ఈ కాగితాల నిండా మాటలు. గుండ్రటి, తొందరలేని చేతిరాత.

'నాలుగు గంటలు. ఇంజెక్షన్ తెచ్చాను. ఆమె వద్దన్నారు. వేస్తే నిద్రపట్టేస్తుంది, ఇప్పుడు మా అబ్బాయి వస్తాడు అన్నారు. నొప్పి ఎక్కువగా ఉంది. డాక్టరుగారికి ఫోనులో చెప్పాను. ఆమె ఇష్టప్రకారం ఆగమన్నారు.'

'నాలుగుంబావు. అబ్బాయి రాలేదు. ఫోను చేయనా అని అడిగాను. వద్దమ్మా, పనిలో ఉంటాడు, చెయ్యి కదిలితే సన్న స్క్రూలు జారిపోతాయి అన్నారు.'

'నాలుగున్నర. చెమటలు పడుతున్నాయి. నాడి వేగంగా ఉంది. నా చెయ్యి వదలడం లేదు. పక్కనే ఉన్నాను.'

'నాలుగూ నలభై. ఇక వేసెయ్యమ్మా, వాడికి పని తెమల్లేదేమో అన్నారు. వేశాను.'

కింద ఇంకొకటి ఉంది. అది చదవడానికి అతడికి చాలాసేపు పట్టింది.

'వాడి కోసం కాచుకున్నానని తెలిస్తే వాడు జన్మంతా కుమిలిపోతాడు, ఎవరడిగినా చెప్పకు అన్నారు. చెప్పనని మాట ఇచ్చాను.'

మెకానిక్ లేచి అద్దం మీది ఫిర్యాదును పట్టి లాగాడు. ఏడాది ఎండకు అతుక్కుపోయింది. సగమే ఊడింది.

కొట్టు మూయకుండానే ఆస్పత్రికి పరిగెత్తాడు.

"ఆ సిస్టర్ ఇప్పుడెక్కడ ఉన్నారండీ? అడ్రసు ఇప్పించండి. కాళ్ల మీద పడతాను."

పెద్ద సిస్టర్ అతడి ముఖం చూసింది. చదివాడని ఆమెకు అర్థమైంది.

"అడ్రసు ఎవరికీ ఇవ్వొద్దని వెళ్లేటప్పుడు కోరింది బాబూ," అంది మెల్లగా. "మేం చెప్పకూడదు."

క్షమించమని రాసిన ఉత్తరం అతడి బల్ల సొరుగులో, చిన్న స్క్రూల డబ్బా పక్కన ఉంది.

కవరు మీద ఇంకా అడ్రసు రాయలేదు.