మూలనున్న పీట

"ఈ బండి కూడా ఎక్కలేకపోతే ఇంక నా వల్ల కాదు పద్మా!"

షోరూం అని కూడా చూడకుండా పెళ్ళాం మీద అరిచేశాడు రాజబాబు.

అరవడా మరి! పొద్దున్నుంచీ వైజాగ్ అంతా తిరిగి తిరిగి, ఆఖరికి సొంతూరు అనకాపల్లి బైపాస్ పక్కకొచ్చి పడ్డారు. రాజబాబు వాళ్ళమ్మ తల్లమ్మకి తుంటి ఆపరేషనైంది. వారం వారం వైజాగ్ తీసుకెళ్ళి ఆ కాలికి వ్యాయామం చేయించకపోతే ఇంక నడవలేదన్నారు డాక్టర్లు. ఆటో కుదుపులకి ఆవిడ ఏడ్చేస్తోంది. చిన్న కారు కిందికి ఉంటుంది, కాలు మడవలేదు. పెద్ద జీపు ఎత్తు, ఎక్కలేదు.

మిగిలింది ఈ పొట్టి ఎస్‌యూవీ. రెండువేల తొమ్మిదిలో అలాంటివి అప్పుడప్పుడే వస్తున్నాయి. సీటు సరిగ్గా నడుమెత్తులో ఉంది!

కానీ ఆ ఒక్క అడుగే పైకి లేవడం లేదు.

"నా వల్ల కాదురా బాబూ. నన్ను ఇంటికాడే ఒగ్గీండి," అంది తల్లమ్మ.

అప్పుడొచ్చాడో గడ్డం నెరిసిన మనిషి. షోరూం మూలనున్న ఏటికొప్పాక లక్కరంగుల చెక్కపీట తెచ్చి డోరు పక్కన వేశాడు.

"అమ్మా, దీనిమీద కాలెట్టండి. నొప్పిలేని కాలు ముందు."

రాజబాబుకి చిర్రెత్తుకొచ్చింది. "నువ్వెవరయ్యా మధ్యలో?"

"చాంద్ బాషా అంటారండి."

"పేరు కాదు. బ్రోకరువా? కమీషన్ కోసం ఇక్కడే కాపలా కాత్తన్నావేటి?"

సేల్స్‌మన్ దేముడు ఏదో చెప్పబోయాడు. చాంద్ బాషా కళ్ళతోనే వద్దన్నాడు. వంగి, పీట కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

తల్లమ్మ ఒక కాలేసింది. రెండో కాలేసింది. కూచుంది!

"ఒరే బాబూ, ఎక్కేసేన్రా!"

ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. చాంద్ బాషా లేచి నిలబడి, ఆవిడ వంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఇదే బండి. ఇవాళే కావాలి!" అన్నాడు రాజబాబు.

దేముడు నీళ్ళు నమిలాడు. "ఇది వేరేవాళ్ళు బుక్ చేసుకున్నదండి. మీకు దసరా దాటాలి."

"దసరాయా! అప్పటికి మాయమ్మ కాలు కట్టెలా బిగుసుకుపోద్ది! పిలు మీ మేనేజర్ని!"

అరుపులకి షోరూమంతా తిరిగి చూసింది. ఇంతలో చాంద్ బాషా మేనేజర్ గదిలోకి వెళ్ళడం కనబడింది.

"అదిగో, సెప్పేనా పద్మా! ఈ బండిని ఇంకెవడికో అంటగడతన్నాడు."

"మెల్లిగా అనండి, వింటాడు."

"విననీ! ఏయ్ పెద్దమనిషీ, మా జోలికొచ్చేవంటే బాగోదు!"

గదిలోంచి వస్తున్న చాంద్ బాషా ఒక్క క్షణం ఆగాడు. తల్లమ్మ వైపు తిరిగి, చెయ్యి నుదుటికి తాకించి సలాం చేశాడు. బయట స్కూటర్ స్టార్టయిన చప్పుడు.

కాసేపటికి దేముడు మేనేజర్ గదిలోంచి వచ్చాడు. "సార్, ఈ బండి మీకే ఇచ్చేమన్నారు."

రాజబాబు కాలరెగరేశాడు. "సూసేవా? గట్టిగా అరిత్తే గానీ పన్లవ్వవు!"

"ఒరే, ఆ బాబు పీట మర్సిపోయేడ్రా," అంది తల్లమ్మ సీట్లోంచి. "ఇచ్చీసి రా, పాపం."

పీట పట్టుకుని గేటు దాకా పరిగెత్తాడు రాజబాబు. స్కూటర్ ఎప్పుడో వెళ్ళిపోయింది.

విసుక్కుంటూ వెనక్కొచ్చాడు. "ఎక్కడుంటాడయ్యా మీ బ్రోకరు?"

"బ్రోకరు కాదండి." దేముడు ఆ పీటని రెండు చేతులతో అందుకున్నాడు. "ఈ పీట వాళ్ళమ్మగారి కోసం చేయించి, డెలివరీ రోజుకని ముందే తెచ్చి పెట్టుకున్నారు."

"డెలివరీయా? ఏ బండి?"

"ఇదేనండి, వాళ్ళమ్మగారు మొన్న పోయేరని క్యాన్సిల్ చేసుకోడానికొచ్చి, మీయమ్మగార్ని చూసి, ముందు మీకే ఇమ్మని చెప్పి వెళ్ళేరు."