జెండా పట్టేవాడి టోపీ

"ఇది టోపీయా, పొంగని రొట్టెయా?" ఓర్నెల్లా ఆ నల్ల మఖమల్ ముద్దను బల్ల మీదికి విసిరేసింది. "విప్పెయ్. మళ్లీ కుట్టు."

నీవెస్ కత్తెర అందుకుంది. నవంబరు నుంచి ఇది మూడోది. ఐదు వందల ఏళ్ల కిందటి దొరలు పెట్టుకునేలాంటి టోపీ. జూన్‌లో ఊళ్లోని పేటలన్నీ తమ తమ జెండాలతో ఊరేగినప్పుడు, వాళ్ల పేట జెండా పట్టేవాడి తల మీద ఉండాల్సింది. గట్టి గుడ్డకు గంజి పట్టించి అడుగు కట్టాలి, అంచులో తీగ దూర్చాలి, మఖమల్‌ను ఏటవాలుగా కత్తిరించి కుచ్చులు పొయ్యాలి. పక్కింటి ఓర్నెల్లా నలభై ఏళ్లుగా పేటంతటికీ ఇలాంటివి కుడుతోంది. నీవెస్‌కు బొత్తాం కుట్టుకోవడం తప్ప ఏమీ రాదు.

"నేను కుట్టి ఇస్తానంటే వినవు. ఎందుకే ఈ మొండితనం?"

"వాడి తల మీదికెక్కేది నా చేత్తో కుట్టిందే అవ్వాలి."

ఓర్నెల్లా సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది.

జెండా పట్టాల్సిన తుల్లియో ప్రతి ఆదివారం కొలతకు వచ్చేవాడు. పాతికేళ్లవాడు, బడిపిల్లాడిలా కుర్చీ అంచున కూర్చునేవాడు. నీవెస్ అతని నుదుటి చుట్టూ గుడ్డ బిగించి గుండుసూదులు గుచ్చేది. ఒకసారి సూది చర్మంలోకే దిగింది. అతను కదల్లేదు.

"నోరు లేదా? నొప్పంటే చెప్పొచ్చుగా."

"ఫరవాలేదమ్మా."

"అయితే తిన్నగా కూర్చో."

ఏప్రిల్‌లో ఒక ఆదివారం అతను నేల చూపులు చూస్తూ, "ఈ ఏడు నన్ను వదిలెయ్యమ్మా. జెండా ఇంకెవరైనా పట్టుకుంటారు" అన్నాడు.

"మా మామగారు పట్టుకున్నారు. ఆయన తర్వాత నా మొగుడు. ఇప్పుడీ ఇంటి తరఫున నువ్వు కాకపోతే ఎవరున్నారు?"

తుల్లియో మళ్లీ తల ముందుకు వంచాడు. టోపీ కొలత పూర్తవగానే లేచి వెళ్లిపోయాడు.

"కాస్త కాఫీ అయినా ఇవ్వకూడదూ?" ఓర్నెల్లా గొంతు తగ్గించింది. "మూడేళ్లయిపోయింది. మనిషి సగమైపోయాడు. ఇంకా ఎన్నాళ్లు సాధిస్తావే?"

"కాఫీ తాగడానికి రావడం లేదు వాడు" అంది నీవెస్, కుచ్చుల మీదినుంచి తల ఎత్తకుండానే.

ఆరో టోపీ కుదిరింది. ఓర్నెల్లా దాన్ని పిడికిలి మీద నిలబెట్టి తిప్పింది. లోపలి కుట్టును గోటితో గీకి చూసింది. మొదటిసారి ఆమెకు తప్పు దొరకలేదు.

"బాగుంది. కానీ మరీ బరువు. లోపల ఇంకో పొర ఎందుకేశావు? ఆ ఎండలో మాడిపోతాడు."

"తెలుసు."

ఊరేగింపు రోజు పేట మొదట్లో నీవెస్ తన చేత్తోనే అతనికి టోపీ పెట్టింది, దానికి గుచ్చిన ఈక సర్దింది.

"సాయంత్రం దాకా తియ్యకు."

"తియ్యనమ్మా."

"వచ్చే ఏడు ఇంకోటి కుడతాను. నవంబరులో రా."

తుల్లియో జెండాకర్ర అందుకున్నాడు. "వస్తాను" అన్నాడు.

డోళ్లు మోగాయి. జెండా ఊరంతా తిరిగి మళ్లీ వీధి మలుపులో కనబడగానే జనం చప్పట్లు కొట్టారు. ఫ్లోరెన్సు నుంచి చూడ్డానికొచ్చిన ఒకావిడ నీవెస్ పక్కనే నిలబడి ఉంది.

"ఆ టోపీ చూశారా? పాత పటంలోంచి దిగొచ్చినట్టుంది! ఎవరు కుట్టారో!"

"నేనే."

"అబ్బ, ఎంత ఓపికండీ! జెండా పట్టుకున్నది మీ అబ్బాయేనా?"

నీవెస్ తల అడ్డంగా ఊపింది. టోపీ కింది నుంచి చెమట కారి తుల్లియో కళ్లల్లోకి దిగుతోంది. తుడుచుకోవడానికి అతనికి చెయ్యి ఖాళీ లేదు. నీవెస్ అతని మీదినుంచి చూపు తిప్పలేదు.

"మా అబ్బాయిని కారుతో గుద్ది చంపింది వాడే."