చూపుకాగితం

చూపుకాగితం వచ్చాక, చదివేవాళ్ల కళ్లను బట్టి పత్రికల ముఖచిత్రాలు వాటంతటవే మారిపోతున్నాయి. హైమ మాత్రం బడి సినిమా పత్రిక కోసం మామూలు కాగితం మీదే బొమ్మ వేసింది. గుర్రం దిగి, దుమ్ముకొట్టుకున్న చీరతో నిలబడ్డ ఫైటింగుల నటి. గడ్డం మీద కుట్ల గుర్తు.

"బాగుందమ్మాయ్, కానీ ఎవడు కొంటాడు? చూపుకాగితం మీదికి ఎక్కించు. ఎవరికెలా కావాలో అదే చూసుకుంటుంది," అన్నారు డ్రాయింగు మాస్టారు పురుషోత్తం.

ఎదురుచెప్పే నోరు లేక హైమ ఎక్కించింది. క్లాసులో అది చేతులు మారింది. కనకం చేతిలో నటి ఒంటిరంగు తెల్లబడింది.

"ఒసేయ్, నేను చూస్తే కుట్లు పోయాయే!" అని నవ్వింది సుభాషిణి.



"ఏదీ, ఇలా ఇవ్వండి," అంటూ మాస్టారు అందుకున్నారు. ఆయన కళ్లు పడగానే బొమ్మలో పైట జారసాగింది. నవ్వులు ఆగిపోయాయి. ఆయన గబుక్కున దాన్ని బల్లమీద బోర్లించారు.

"నీ పాత బొమ్మే వేద్దాంలేమ్మా. ఇలా తే," అన్నారు గోడకేసి చూస్తూ.

ఆమె కోరుకున్నదీ అదే. కానీ చాచిన ఆ చేతిని చూస్తే ఒళ్లు జలదరించింది. మామూలు కాగితం మీది బొమ్మను మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇవ్వనండీ," అంది హైమ, క్లాసంతటికీ వినబడేలా.