పిచ్చుకా? తేలా?

తేలు మళ్లీ కుట్టింది.

‘రోజుకి అరగంట ఆడే పిచ్చుకకి నది ఒడ్డున తోట ఎందుకండీ? పీకి పారేస్తే అక్కడ గిడ్డంగి అయినా కట్టుకోవచ్చు.’

కళ్లద్దాల షాపు వెనక గదిలో ఆమె ఫోను పట్టుకుని కూర్చుంది. పక్కన మిషను ఎవరిదో అద్దాన్ని ఫ్రేముకి సరిపడా అరగదీస్తోంది. ఒక్కో అద్దానికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగేసి నిమిషాల్లోనే ఆమె ఆట.

ముప్పై మంది కలిసి ఫోనులో ఒక ఊరు కట్టే ఆట అది. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఒకడు బుల్డోజర్, ఒకడు నిద్రమొహం, అందరి మీదా ఊరిపెద్ద. ఆమె పేరు పిచ్చుక. మిగతావాళ్లు గంటలకు గంటలు కూర్చుని వంతెనలూ కోటలూ కడుతుంటే, ఆమె వారానికో చెట్టు చొప్పున రెండేళ్లలో నూట నాలుగు నారింజ చెట్లు పెంచింది. గుంపులోంచి తీసేస్తే ఆ చెట్లన్నీ పోతాయి. అది ఆట నియమం.

కబుర్లు రాసుకోవడానికి గుంపుకి ఒక గోడ కూడా ఉంది. దాదాపు రెండేళ్లు ఆమె నిజంగా గోడకి చెప్పుకున్నట్టే చెప్పుకుంది. తొలి కాపు ఫొటో పెడితే ఒక్కడు బాగుందన్న పాపాన పోలేదు. ‘అందరూ ఎలా ఉన్నారు?’ అంటే పలికే దిక్కు లేదు. అప్పట్లో ఆమెకి ఏడుపొచ్చేది.

మూడు నెలల కిందట తేలు చేరింది. చేరిన వారానికే పిచ్చుకని కుట్టింది. అంతే, ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని లేచింది.

‘పిచ్చుకగారి జోలికొస్తే నీ ఇల్లు నేలమట్టం చేస్తా’ అన్నాడు, అంతవరకూ ఉలుకూ పలుకూ లేని బుల్డోజర్. నిద్రమొహం వచ్చి తోట చుట్టూ కంచె కట్టి వెళ్లాడు. ‘నారింజలు భలే ఉన్నాయక్కా’ అని ఎవరెవరో అన్నారు.

కౌంటరు చూసే చెల్లెలికి మాత్రం ఒళ్లు మండిపోయేది.

“వాడన్ని మాటలంటుంటే ఎలా పడుంటావే అక్కా? ఫోను ఇటివ్వు, నేను కడిగేస్తాను.”

“వద్దులే. అందరూ నా వైపే ఉన్నారుగా.”

“ఉంటే? చెప్పుతో కొట్టినట్టు నాలుగు మాటలు అనాలి గానీ...”

“నువ్వెళ్లి ముందు ఆ ముసలాయన కళ్లజోడు సంగతి చూడవే.”

కానీ తేలు మాటకారి. ‘పిచ్చుకమ్మ నాటినవి నూట నాలుగు చెట్లు, మోసినవి సున్నా ఇటుకలు’ అని రాసిన రోజు జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్విన నోళ్లతోనే లెక్కలు తీయడం మొదలుపెట్టారు.

‘నిజమే, వంతెన కట్టినప్పుడు ఈవిడ ఎక్కడుంది?’ అన్నాడు బుల్డోజర్.

‘నాకు షాపులో పనుంటుందండీ’ అని రాసింది ఆమె.

‘మేమేమన్నా పనీపాటా లేనివాళ్లమా?’

‘ఏడుపు మొహం పెట్టి నది ఒడ్డు కాజేసింది. నా కంచె నాకిచ్చెయ్యమనండి’ అన్నాడు నిద్రమొహం.

తలా ఒక రాయి వేశారు. సోమరిపోతు అన్నారు, దొంగ అన్నారు, ఇంకా రాయకూడని మాటలూ అన్నారు. తేలు మూడు రోజులు నోరు విప్పలేదు. అయినా తిట్లు ఆగలేదు. ఆమె కొలత తప్పి రెండు అద్దాలు పాడుచేసింది. కూడూ సహించలేదు.

నాలుగో రోజు తేలే రాసింది: ‘ఇక చాలండి, ఆవిడని వదిలెయ్యండి. కావాలంటే నేనే వెళ్లిపోతాను.’

అది పుండు మీద కారం చల్లినట్టయింది.

‘చూశారా, ఎంత పెద్ద మనసో! ఈ సంస్కారం ఆ పిచ్చుకకి ఉందా?’

‘నువ్వెందుకు పోతావు తేలన్నా? పోవాల్సిన వాళ్లు వేరే ఉన్నారు.’

ఊరిపెద్ద తీర్పు చెప్పాడు: ‘ఇద్దరూ ఒక ఊళ్లో ఇమడరు. ఎవరు ఉండాలో ఊరే తేలుస్తుంది. శనివారం మధ్యాహ్నం ముప్పై మందీ ఓటు వెయ్యాలి. ఎవరు ఎవరికి వేసిందీ బయటపడదు.’

శనివారం ఆమె అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. చెల్లెలు వచ్చి భుజం మీదుగా ఫోనులోకి చూసింది.

తేలుకి ఇరవై ఎనిమిది. పిచ్చుకకి రెండు.

ఒక్కో వరుసే నారింజ చెట్లు మాయమైపోయాయి. ఖాళీ అయిన నది ఒడ్డుని ఊరిపెద్ద అప్పటికప్పుడే తేలుకి రాసిచ్చేశాడు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఊరుకో అక్కా. పీడ వదిలిందనుకో” అంది చెల్లెలు. “రెండు పడ్డాయిగా? ఒకటి నీదే అనుకున్నా, అంతమందిలో నీ కోసం ఓటు వేసినవాళ్లు ఒక్కరన్నా ఉన్నట్టే కదే!”

బయట ఎవరో పిలిస్తే చెల్లెలు కౌంటరు దగ్గరికి వెళ్లింది.

ఆమె కళ్లు తుడుచుకుని, పిచ్చుక పేరు మూసేసి, తేలు పాస్‌వర్డ్ కొట్టి, ‘మీ అందరి అభిమానానికి ధన్యవాదాలు’ అని రాసింది.